గన్నేరు చిగుళ్లకు పసుపు పేనుబంక పడితే

గన్నేరు లేత కొమ్మలకీ మొగ్గలకీ నల్లకాళ్ల పసుపు పురుగులు గుంపుగా అంటుకున్నాయా? అది పేనుబంక. వెంటనే మందు కోసం పరుగెత్తొద్దు. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి, కింద రాలినవి చాలావరకు మళ్లీ ఎక్కలేవు. రెండు మూడు రోజులకోసారి ఇలా చేస్తే చాలాసార్లు అదే సరిపోతుంది.

తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె. ముందు నూనెలో కొద్దిగా ద్రవ సబ్బు కలపాలి, లేకపోతే నూనె పైకి తేలిపోతుంది. సాయంత్రం పూట, ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

చీమలు బారులు కట్టాయంటే వాటి సంగతీ చూడాలి. పేనుబంక విసర్జించే తీపి జిగురు కోసం అవి దానికి కాపలా కాస్తాయి, పేనుబంకను తినే అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. ఆ జిగురు మీదే ఆకులకు నల్లమసి పడుతుంది. అక్షింతల పురుగులు కనిపిస్తే మాత్రం స్ప్రే ఆపేయండి.

యూరియా ఎక్కువ వేయొద్దు, మెత్తటి చిగుళ్లంటే పేనుబంకకు పండగే. కొమ్మలు కత్తిరిస్తే గ్లౌజులు వేసుకోండి, గన్నేరు పాలు విషం.