రోటరీ పాలిషర్ కొంటున్నారా? పై స్పీడు కాదు, కింది స్పీడు చూడండి

కారు పాలిష్ మెషీన్ కావాలని టూల్స్ అంగడికి పోతే ముందు వాట్లు చెప్తారు, తర్వాత 3000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అంటారు, ఆ తర్వాత రేటు. కారు పెయింట్ పనికి మొదట అడగాల్సినవి ఇవి కావు. మెషీన్ అన్నిటికంటే తక్కువ స్పీడు ఎంత, ఆ స్పీడులో ప్యాడ్‌ను ఒత్తినా తిరుగుడు పడిపోకుండా నిలబడుతుందా, రేపు మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్ అరిగితే మనకు అందేంత దూరంలో దొరుకుతుందా, ఈ మూడు అడగండి. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, కర్నూలు, కడప ఎండలో పని చేసే ఎవరికైనా ఇందులో మొదటిదే పెయింట్‌ను కాపాడేది.

ముందు మీకు రోటరీ అవసరమా లేదా తేల్చుకోండి. ఇంట్లో ఒక్క కారుంది, కడిగి కడిగి పడిన సన్నటి గీతలు పోవాలి, మెరుపు రావాలి, అంతేనా? అయితే డ్యూయల్ యాక్షన్ మెషీన్ కొనండి, అది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వేడి ఒకేచోట చేరదు, చేయి తిరగని వాళ్లకు కూడా పెయింట్ కాలే భయం చాలా తక్కువ. రోటరీ అలా కాదు, ప్యాడ్ ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది, రాపిడి అంతా నేరుగా పెయింట్‌కు తగులుతుంది. వేగంగా కోస్తుంది, అంతే వేగంగా పాడుచేస్తుంది.

మరి రోటరీ ఎవరికి? నా లెక్కలో మన వైపు టింకరింగ్, పెయింటింగ్ షెడ్లకు ఇది లేకుండా కుదరదు. దుమ్ము రాని పెయింట్ గది, అంటే బూత్, లేకుండా రేకుల షెడ్డులోనో చెట్టు కిందో పెయింట్ కొడితే, నేల తడిపి పరదాలు కట్టినా, గాలికి ఎర్రమట్టి దుమ్ము లేచి రంగు పైన కొట్టే పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు, తడిగా ఉండగానే దాని మీద వాలుతుంది. ఆ నలుసులను 1500, 2000 నంబర్ వాటర్ పేపర్‌తో రుద్ది దించాక మిగిలే మసకను తీయడానికి ఉన్ని బఫ్ వేసిన రోటరీ అంత బాగా, అంత త్వరగా పని చేసేది ఇంకోటి లేదు. చిన్న డ్యూయల్ యాక్షన్‌తో కూడా పోతుంది కానీ ఒక్కో డోర్‌కు పట్టే టైము చూస్తే షెడ్డు వాళ్లకు గిట్టదు.

ఇప్పుడు కింది స్పీడు సంగతి. కారు మీద ప్రైమర్, రంగు, క్లియర్ కోటు అన్నీ కలిపినా కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లే ఉంటుంది, అందులో పైన ఉండే క్లియర్ కోటు 35 నుంచి 50 మైక్రాన్లు. ఒక మిల్లీమీటర్‌కు 1000 మైక్రాన్లు, అంటే మీరు పని చేసే పొర ఎంత పలచనో చూడండి. ఎండలో నిలబెట్టిన నల్ల కారు బానెట్ వేసవిలో 60 డిగ్రీలు ఈజీగా దాటుతుంది. నీడలోకి తెచ్చినా రేకు చల్లబడే లోపే మొదలుపెడితే, దాని మీద రాపిడి వేడి కూడా చేరి క్లియర్ కోటు మెత్తబడుతుంది, కంపౌండ్ (గీతలు తీసే పాలిష్ పేస్టు) ఎండిపోయి పెంకు కడుతుంది, ప్యాడ్ లాగేస్తుంది.

ప్యాడ్ అంచు ఎంత వేగంగా పోతుందో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 180 మి.మీ. ప్యాడ్ 1500 ఆర్‌పీఎంలో తిరిగితే దాని అంచు సెకనుకు 14 మీటర్లు పోతుంది. అదే స్పీడులో 125 మి.మీ. ప్యాడ్ అంచు 10 మీటర్ల కంటే కాస్త తక్కువే. 180 ప్యాడ్‌నే 600కు దించితే 5.7 మీటర్ల దగ్గర ఉంటుంది. కాబట్టి డయల్ మీద ఒకటే అంకె పెట్టినా ప్యాడ్ మారితే వేడి మారిపోతుంది. కంపౌండ్ పరిచేటప్పుడు, చివర్లో మెరుపు తెచ్చేటప్పుడు, బంపర్ మీద, అంచుల దగ్గర కావాల్సింది 600 నుంచి 1000 లోపే. గట్టిగా కోసేటప్పుడు 1200 నుంచి 1500, అలవాటైన చేతికి ఇంకొంచెం. 3000 మనకు పనికొచ్చే చోటు కారు మీద లేదు.

ఈ లెక్కతో దొరికే మెషీన్లను పక్కపక్కన పెట్టి చూడండి. మకిటా 9237సి 1200 వాట్లు, 600 నుంచి 3200 ఆర్‌పీఎం, బరువు 3 కిలోల దగ్గర. బాష్ జీపీఓ 14 సీఈ 1400 వాట్లు, 750 నుంచి 3000. ఫ్లెక్స్ పీఈ 14-2 150 కూడా 1400 వాట్లే, కానీ తిరిగేది 380 నుంచి 2100 వరకు. అంగడిలో వాట్లు, పై స్పీడు చూసి బేరం చేస్తే ఈ మూడింట్లో ఫ్లెక్స్ వెనకబడినట్టు కనిపిస్తుంది, నిజానికి కారు పెయింట్ కోసమే ఆలోచించి చేసినట్టున్నది అదే. 380లో తిరిగే ప్యాడ్‌తో కంపౌండ్ చిందకుండా పరచొచ్చు, డోర్ హ్యాండిల్ పక్కన నింపాదిగా తిప్పొచ్చు. అయినా మన ఊళ్లలో షెడ్డు పెట్టుకున్న వాళ్లకు నేను చెప్పేది మకిటా గానీ బాష్ గానీ. కారణం సర్వీసు. ఈ రెండు కంపెనీల స్పేర్లు, రిపేరు తెలిసిన మెకానిక్కులు దొరకడం తేలిక, కర్నూలు వాళ్లకు సికింద్రాబాద్ రాణిగంజ్, అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డు ఒక్క పూటలో పోయే దూరం. ఈ రెండింట్లో ఒకటే అంటే మకిటా వైపే మొగ్గుతాను, 750కీ 600కీ తేడా కాగితం మీద చిన్నగా ఉన్నా నిలువు డోర్ మీద కంపౌండ్ పరిచేటప్పుడు చేతికి తెలుస్తుంది. రోజంతా పట్టుకోవాలంటే మాత్రం ఆ 3 కిలోలు భుజానికి బరువే, కొనేముందు నిలువు డోర్ మీద పెట్టినట్టు పట్టుకుని కాసేపు నిలబడి చూడండి.

పేరు తెలియని చవక మెషీన్లు అన్నీ చెడ్డవని అనను. కానీ డబ్బా మీద 600 అని రాసి ఉన్నా తీరా తిప్పితే 1000 దగ్గర మొదలయ్యేవి ఉంటాయి, కొన్ని లోడు పడగానే నీరసించిపోతాయి. అంగడిలోనే చూసుకోవచ్చు. డయల్ ఒకటి మీద పెట్టి స్విచ్ నొక్కండి, చేతిలోంచి ఎగిరిపడేలా ఒక్కసారిగా కుదుపు ఇస్తే సాఫ్ట్ స్టార్ట్, అంటే మెల్లగా స్పీడు అందుకునే ఏర్పాటు, లేదని అర్థం. మందపాటి టవల్ మడతపెట్టి బల్లకు గట్టిగా బిగించి, దాని మీద ఫోమ్ ప్యాడ్‌ను మెల్లగా ఒత్తండి, మోటారు గొంతు దిగిపోతే అది స్పీడును నిలబెట్టలేదు. స్పీడు నిలబెట్టలేని మెషీన్‌తో మనిషి తెలియకుండానే డయల్ పెంచుతాడు, చేయి ఎత్తగానే ప్యాడ్ ఒక్కసారిగా రేగుతుంది, పెయింట్ కాలేది అక్కడే. ఆఖరుకు ప్యాడ్‌ను తగిలించే బ్యాకింగ్ ప్లేట్ పక్కనుంచి చూడండి, తిరిగేటప్పుడు అంచు పైకీ కిందికీ ఊగుతుంటే ప్లేట్ మార్చి చూడండి, అప్పటికీ ఊగితే ఆ మెషీన్ వదిలేయండి.

అమెరికా నుంచి వచ్చే బావమరిదితోనో తమ్ముడితోనో తెప్పించుకునే వాళ్లకు ఒక మాట. అక్కడి మెషీన్ 120 వోల్టులది, మన 230లో నేరుగా పెడితే మోటారు పోతుంది. ప్లేట్ బిగించే మర కూడా వేరు, అక్కడ 5/8 అంగుళం, మన దగ్గర ఎక్కువగా ఎం14, అంటే 14 మి.మీ. ఇక్కడ కొన్నా కూడా బ్యాకింగ్ ప్లేట్ కొనే ముందు మెషీన్ మాన్యువల్‌లో మర సైజు చూసుకోండి.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెప్తున్నాను. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పని ఎక్కువ, యాంగిల్ గ్రైండర్ లేని షెడ్డు ఉండదు. దానికే ఒక బఫ్ తగిలించి కారు మీద పెట్టొద్దు. నాలుగంగుళాల గ్రైండర్ సుమారు 11000 ఆర్‌పీఎంలో తిరుగుతుంది, 100 మి.మీ. అంచు కూడా సెకనుకు 57 మీటర్లు దాటుతుంది. రెగ్యులేటర్ పెట్టి తగ్గిస్తామంటారు, స్పీడుతో పాటు బలమూ పోతుంది, ఒత్తితే ఆగుతుంది, వదిలితే దూకుతుంది. ఆ బఫ్‌లు కూడా అంత వేగానికి చేసినవి కావు, ఊడి ముఖానికి తగలొచ్చు.

ప్యాడ్ల మీద డబ్బు మిగుల్చుకోవద్దు. మెషీన్‌కు పెట్టినదాంట్లో కొంత తగ్గించైనా సరే రెండు ఉన్ని బఫ్‌లు, నాలుగైదు ఫోమ్ ప్యాడ్లు కొనండి, ఒకటి వేడెక్కి కంపౌండ్‌తో నిండిపోగానే ఇంకోటి మార్చాలి. ఉన్ని బాగా కోస్తుంది, ఫోమ్ కంటే పెయింట్‌ను తక్కువ వేడి చేస్తుంది, కానీ దాని గుర్తులు మిగులుతాయి, వాటిని ఫోమ్‌తో తీయాల్సిందే. కంపౌండ్లలో ఏ కంపెనీ అయినా ఒకే వరుసవి తీసుకుంటే మేలు. మెన్జెర్నాలో అయితే 400 గట్టిగా కోసేది, 2500 మధ్యరకం, 3800 ఆఖరు మెరుపుకు.

ఇక పని. కారు కడగడంలోనే సగం పని ఉంది, ఎందుకంటే ప్యాడ్ కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా అది తిరిగినంత మేర గీత. ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంట్ ఫ్యాక్టరీల వైపు తిరిగే బండ్లకు ఇంకా జాగ్రత్త, సిమెంట్ దుమ్ము మంచుకో చినుకుకో తడిసి పెయింట్ మీదే గట్టిపడుతుంది, దాన్ని క్లే బార్‌తో (పెయింట్‌కు అంటిన మురికిని లాగే బంక ముద్ద) రుద్దితే గీతలే. సగం నీళ్లు సగం తెల్ల వెనిగర్ కలిపి తడిపి, కాసేపు నానబెట్టి, ఆరిపోకముందే కడిగేయండి, అవసరమైతే మళ్లీ చేయండి, చేత్తో తడిమితే నున్నగా తగిలాకే క్లే పట్టండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరితే తెల్ల మచ్చలు మిగులుతాయి, చివరి కడుగుకు వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు వాడితే ఆ బాధ ఉండదు. తర్వాత రబ్బరు బీడింగులు, లోగోలు, బాడీ గీత మడతలు, డోర్ అంచులు అన్నిటికీ మాస్కింగ్ టేపు వేయండి. అంచుల మీద పెయింట్ పలచగా ఉంటుంది, తెల్లబడేది మొదట అక్కడే.

వీలైతే పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టి చూడండి. 250, 300 దాటిందంటే ఆ ప్యానెల్ మళ్లీ పెయింట్ అయినట్టు, ఇంకా ఎక్కువ చూపిస్తే కింద లప్పం ఉంది. 80 లోపు కనిపిస్తే ఉన్ని బఫ్ జోలికి పోవద్దు. పాత అంబాసిడర్ లాంటి బండ్లకు క్లియర్ కోటు లేని పెయింట్ ఉంటే ప్యాడ్‌కు రంగు అంటుతుంది, అది మామూలే. కానీ మెటాలిక్ కారు మీద ప్యాడ్‌కు రంగు అంటిందంటే క్లియర్ అయిపోయింది, అక్కడితో ఆపేయాలి.

వేసవిలో తెల్లవారి 6 నుంచి 9 లోపు, నీడలో. బానెట్ మీద ముందు ఒక మూల, అడుగు చదరం మీద మాత్రమే ప్రయత్నించండి, ఫోమ్‌తో మధ్యరకం కంపౌండ్‌తో మొదలుపెట్టి, చాలకపోతేనే ఉన్నికి పోండి. ఆ మూల బాగా వచ్చాకే మిగతా బండి. ఒక్కసారికి రెండడుగుల చదరం చాలు. నాలుగైదు చుక్కల కంపౌండ్, 600లో పరిచి, 1200కు పెంచి, సగం సగం మీద పడేలా అడ్డం నిలువు నింపాదిగా నడపండి, సెకనుకు ఒకటి రెండు అంగుళాలకు మించొద్దు. మెషీన్ బరువే చాలు, మీరు బలం పెట్టాల్సిన పని లేదు. ప్యాడ్ సమంగా ఆని ఉండాలి, ఒక పక్కకు వాల్చి నడిపితే ఎండలో నీడల్లా, అలల్లా కదులుతూ మెరిసే గీతలు పడతాయి, వాటినే హోలోగ్రామ్‌లు అంటారు. ప్యాడ్ తిరుగుడు అంచు మీదుగా బయటికి పోవాలి, బయటి నుంచి వచ్చి అంచును కొట్టకూడదు. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, బానెట్ మీద ఈడ్చారంటే మళ్లీ గీతలు.

మధ్యమధ్యలో చేత్తో తాకి చూడండి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. నేను 50 డిగ్రీలు కనిపిస్తే ఆపమంటాను, 60 దాటనివ్వొద్దు. ప్లాస్టిక్ బంపర్ వేడిని రేకులాగా పంచుకోదు, ఒకేచోట దాచుకుంటుంది, అక్కడ 800 దాటకుండా, చేయి ఎక్కడా నిలవకుండా నడపాలి. చదరం అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లు కలిపినది చల్లి మైక్రోఫైబర్ బట్టతో తుడిచి టార్చి వేసి చూడండి, కంపౌండ్‌లోని నూనె గీతలను దాస్తుంది, ఇలా తుడిస్తేనే అసలు పని బయటపడుతుంది. ఆఖరు ఫోమ్‌తో 900 దగ్గర, దాదాపు ఒత్తిడి లేకుండా. నల్ల కారు అయితే రోటరీతో ఎంత బాగా ముగించినా సన్నటి హోలోగ్రామ్ మిగలొచ్చు, షెడ్డులో డ్యూయల్ యాక్షన్ కూడా ఉంటే చివరి చేయి దానితోనే వేయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మెషీన్ సంగతి కూడా చూసుకోండి. 1400 వాట్లది 230 వోల్టుల్లో 6 ఆంపియర్లు లాగుతుంది, అందుకని 15 ఆంపియర్ల సాకెట్, 1.5 చదరపు మి.మీ. రాగి తీగ ఉన్న పొడుగు వైరు పెట్టండి, సన్నటి వైరుతో వోల్టేజీ పడిపోతే ఎంత మంచి మెషీన్ అయినా స్పీడు నిలబెట్టలేదు. ఉన్ని పోగులు, మన దుమ్ము కలిసి మోటారు గాలి రంధ్రాల్లో చేరతాయి, పని అయిన ప్రతిసారీ కంప్రెసర్ గాలి కొట్టండి. కొనేటప్పుడే రెండు జతల కార్బన్ బ్రష్‌లు తీసి పెట్టుకోండి, గాలి రంధ్రాల్లోంచి నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తే అవి మార్చే టైము వచ్చినట్టు. కొత్తవాళ్లయితే పాత ఇనుము సామాన్ల అంగడిలో ఒక డోర్ గానీ బానెట్ గానీ తెచ్చుకుని, కావాలనే దాని అంచు మీద పెయింట్ పోయేదాకా నడిపి చూడండి, ఎంత సేపట్లో పోతుందో మీ చేతికి తెలిశాకే మనుషుల కార్లు ముట్టుకోండి.