నల్లగొండ నుంచి కోరింగ మడ అడవులకు: ముందు పోటు-పాటు చూసుకోండి

సాగర్ నీళ్లు, నల్లమల అడవి చూసి పెరిగిన మనం ఎక్కడికెళ్లినా తెల్లవారుజామునే చేరితే చాలనుకుంటాం. సముద్రపు ఒడ్డు అడవికి ఆ లెక్క పనికిరాదు. కాకినాడ దగ్గరి కోరింగలో ఏం కనబడుతుందో చెప్పేది నీటి మట్టమే. పోటు మీదున్నప్పుడు, అంటే సముద్రపు నీళ్లు ఎక్కినప్పుడు వెళ్తే బురదంతా మునిగి, అడవిలో వేసిన చెక్కబాట మీద నడిచినా ఆకులు తప్ప ఏమీ కనిపించవు. బాగా పాటు మీదున్నప్పుడు, అంటే నీళ్లు దిగిపోయినప్పుడు కాలువల్లో నీళ్లు చాలక పడవ కదలదు.

అందుకే టికెట్లు తీసుకునేముందే కాకినాడ పోటు-పాటు పట్టిక చూడండి. పాటు నుంచి పోటుకు సుమారు ఆరు గంటలు పడుతుంది. రోజురోజుకూ ఈ వేళలు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. ఉదయం పది ప్రాంతంలో పాటు పడే రోజును ఎంచుకోండి. తొమ్మిదింటికి చెక్కబాట ఎక్కి రెండు గంటలు మెల్లగా నడవండి, నీళ్లు ఎక్కుతుండగా మధ్యాహ్నం పడవ మాట్లాడుకోండి. అదే ఒక వారం రోజులు ఆలస్యంగా వెళ్తే పదింటికి పోటు ఉంటుంది, వరస తిరగబడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు మరీ ఎక్కువగా ఎక్కి, మరీ ఎక్కువగా దిగుతాయి.

నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా పోయే విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సామర్లకోటలో దిగితే కాకినాడ పక్కనే. కారులో విజయవాడ, రాజమండ్రి మీదుగా సుమారు 400 కిలోమీటర్లు. రాత్రి కాకినాడలో ఉండండి. అభయారణ్యం అక్కడికి 18 కిలోమీటర్లు, యానాం దారిలో. డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం: తుపానుల బెడద తగ్గుతుంది, వలస పక్షులు ఉంటాయి.

చెక్కబాట మీద తల పైకెత్తకండి, కిందికి చూడండి. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి మడ చెట్ల శ్వాస వేర్లు; బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేర్లకు వాటితోనే ఊపిరి అందుతుంది. చెట్లు తెలిసినవాళ్లు చూపించిన మడ ఆకు అడుగున వేలు రుద్ది నాలుక మీద పెట్టుకోండి, ఉప్పగా ఉంటుంది. వేర్లతో పీల్చిన ఉప్పును ఆకు అలా బయటికి తోస్తుంది. అయితే తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోవద్దు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, ఒంటి మీద పడితే బొబ్బలు. పొరపాటున తగిలితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చెట్లను గుర్తుపట్టలేని వాళ్లు ఏ కొమ్మనూ విరవకుండా ఉంటే అన్నిటికన్నా మేలు.

ఒకచోట పది నిమిషాలు కదలకుండా నిలబడండి. అడుగుల చప్పుడుకు బొరియల్లో దూరిన పీతలు, ఒక పెద్ద డెక్క ఊపుతూ బయటికొస్తాయి. బురద మీద గెంతే చేపలూ అంతే. లకుముకి పిట్టలు, నత్తగుల్ల కొంగలు, గరుడ గద్దలు పడవలోంచి బాగా కనబడతాయి. నీటికుక్కలు కనిపిస్తే అదృష్టం. చేపలు పట్టి తినే అడవి పిల్లి, బావురుపిల్లి, రాత్రి తిరిగేది, పగలు దాని అడుగుజాడలు దొరికితే చాలు.

8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే) బైనాక్యులర్ తీసుకోండి. అంతకన్నా పెద్దగా చూపించేదానిలో పడవ కదలికకు బొమ్మ వణుకుతుంది. పట్టున్న బూట్లు, నిండు చేతుల చొక్కా, దోమల మందు, మనిషికి కనీసం లీటరున్నర నీళ్లు తప్పనిసరి. మన ఎండ పొడి ఎండ, అక్కడి ఉక్కలో చెమట ఆరదు, నీరసం తెలియకుండానే వస్తుంది. ఖాళీ సీసాలు, కవర్లు సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి.