వానలొస్తున్నాయి: రేణిగుంట విమానాశ్రయం చుట్టుపక్కల వాళ్లకు జాగ్రత్తలు

ఈశాన్య రుతుపవనాలు మొదలైతే పురుగులు పెరుగుతాయి, వాటి వెంటే పిట్టలూ వస్తాయి. టేకాఫ్‌లో విమానం నేలకు దగ్గరగా, ఇంజిన్లు పూర్తి జోరు మీద ఉంటాయి. అప్పుడు పక్షి తగిలితే పైలట్‌కు ఆలోచించే టైమే ఉండదు.

కోడి పేగులు, ఈకలు బయట పారేయొద్దు. అన్నిటికంటే చేటు ఇదే. ఆదివారం చెరువు కట్ట మీద ఒక్క సంచి విప్పి పోస్తే చాలు, కాసేపటికే గద్దలు మూగి, గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తాయి. విమానం ఎగిరే దారీ అదే. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పక్షులు మూగేలా చెత్త వేయడం చట్టరీత్యా నిషేధం కూడా.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో టేకాఫ్ అయిన వెంటనే అడవి బాతులు తగిలి ఒక విమానం రెండు ఇంజిన్లూ పనికిరాకుండా పోయాయి. హడ్సన్ నదిలో దింపి 155 మందినీ కాపాడారు. మన స్వర్ణముఖిలో ఎక్కువ నెలలు ఇసకే కదా.

కల్యాణ మండపాల ఎంగిలాకులు మూత ఉన్న తొట్టిలోనే వేయించండి. కాకులు చేరేది అక్కడే.

ఇంటి ముందు గుంటలు పూడ్చండి, నీళ్లు నిలిస్తే కొంగలు దిగుతాయి.

పావురాలకు గింజలు చల్లడం పుణ్యమే, కానీ రన్‌వే దగ్గర్లో వద్దు.

ప్రహరీ పక్కన రోజూ గద్దలు తిరుగుతుంటే విమానాశ్రయం సిబ్బందికి వెంటనే చెప్పండి.