బేగి లెగు, బేగి తిను: చురుకుదనానికి ఇంగ్లిష్ మాటలు పట్టుకోవడం ఎలా

మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లల్ని చురుకైనవాడికి ఇంగ్లిష్‌లో ఏమంటారని అడిగితే యాక్టివ్ అంటారు, ఇంకొంచెం బలవంతం చేస్తే ఫాస్ట్, స్మార్ట్ అంటారు, అక్కడితో సరుకు అయిపోతుంది. ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్), బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకి చదివేవాళ్ల గొడవ ఇంకో రకం. ఎజైల్, నింబుల్, డెఫ్ట్, బ్రిస్క్, స్ప్రై, లైద్ అని ఒకే వరసలో రాసుకుని, అన్నిటికీ ఎదురుగా "చురుకైన" అని ఒకే అర్థం పెట్టి బట్టీ కొడతారు. తీరా పేపర్లో వాటిలో రెండు పక్కపక్కనే కనబడేసరికి టెన్షన్. ఆ పట్టీ చింపెయ్యండి. ప్రతి మాటకీ మీ కళ్లతో చూసిన ఒక మనిషినో పనినో తగిలించుకోండి.

దానికన్నా ముందు మన "బేగి" సంగతి తేల్చుకోవాలి. బేగి లెగు అంటే ఎర్లీ. బేగి తిను అంటే క్విక్‌లీ. బేగి వచ్చేత్తాను అంటే సూన్. మనకి మూడింటికీ ఒకటే మాట కాబట్టి ఇంగ్లిష్‌లోనూ మూడుచోట్లా ఫాస్ట్ వాడేస్తాం, పిల్లల్ని "గెటప్ ఫాస్ట్" అని లేపుతాం. అంటే ఒక్క ఉదుటున లేవమన్నట్టు, పెందలాడే లేవమని కాదు. నోటికి ఫాస్ట్ వచ్చినప్పుడల్లా ఈ మూడింట్లో ఏదో చూసుకుని మార్చుకోండి.

ఇక అసలు మాటలు. మాట కనబడగానే అర్థం కోసం వెతక్కండి, ఆ చురుకు ఎక్కడుందో అడగండి. వేళ్లలోనా, కాళ్లలోనా, ఒళ్లంతానా, బుర్రలోనా, నోట్లోనా? సగం మాటలు అక్కడే విడిపోతాయి.

వేళ్ల సంగతైతే పలాస వెళ్లాలి. జీడిపప్పు మీద పొట్టు తీసే ఆడవాళ్ల చేతులు చూశారా? పప్పు విరిగితే బద్దలకి గుండు పప్పు రేటు రాదు, అలాగని నెమ్మదిగా చేస్తే పని తెమలదు. తేలిగ్గా, చకచకా ఆడే ఆ వేళ్లు నింబుల్. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, సన్నటి నూలు తీసే చేతులకి మాత్రం నేను డెఫ్ట్ అంటాను, ఎందుకంటే అక్కడ వేగం కన్నా ఒడుపు ముఖ్యం, అది ఏళ్ల తరబడి చేస్తేగానీ రాదు. నింబుల్‌లో తేలికదనం ఎక్కువ, అది కాళ్లకీ బుర్రకీ కూడా వస్తుంది. డెఫ్ట్‌లో నేర్పు ఎక్కువ, చేతిపనికీ, చిక్కుల్లోంచి ఒడుపుగా బయటపడ్డ తీరుకీ వాడతారు.

బొబ్బిలి వీణ చెక్కేవాళ్లకి డెక్స్‌ట్రస్, అంటే చేతి నేర్పున్న అనే మాట కూడా బాగుంటుంది. లాటిన్‌లో డెక్స్‌టర్ అంటే కుడి. ఎడ్రాయిట్ కూడా నేర్పు మాటే, ఫ్రెంచిలో "సరైన" అనే మాటలోంచి వచ్చింది, అక్కడ కుడికీ అదే మాట. పాపం ఎడమచేతికి అక్కడా అన్యాయమే, లాటిన్ ఎడమలోంచి సినిస్టర్ అంటే కీడు తలపెట్టేది, ఫ్రెంచి ఎడమలోంచి గోష్ అంటే మొరటుది పుట్టాయి. రెండు చేతులూ సమానంగా ఆడితే యాంబిడెక్స్‌ట్రస్. మన విజయనగరం సంగీత కళాశాల తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు చేతులు, కాళ్లు, తల కలిపి ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని చెప్పుకుంటారు. ఆయన దగ్గర ఆ మాట కూడా చాలదు, అది చేతుల దగ్గరే ఆగిపోతుంది.

అందరూ తప్పుగా వాడేది ఎజైల్. ఎజైల్ అంటే వేగం ఒక్కటే కాదు. వంద మీటర్లు తిన్నగా పరిగెత్తేవాడు ఫాస్ట్, కావాలంటే స్విఫ్ట్, కారు పేరు పుణ్యమా అని ఆ మాట అందరికీ తెలుసు. కబడ్డీ కూతకి వెళ్లి, కాలు పట్టుకోబోతే ఒళ్లు తిప్పి, అటు వెళ్తున్నట్టు వెళ్లి ఇటు గీత తాకే కుర్రాడు ఎజైల్. దిక్కు మార్చగలగాలి, అదీ తూలకుండా. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో వినబడే ఎజైల్ కూడా ఇదే. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు కూర్చుని రాసుకున్న ఎజైల్ మేనిఫెస్టోలో, అంటే పనితీరు ప్రకటనలో, వేసుకున్న ప్లాన్‌ని పట్టుకు వేలాడడం కన్నా మార్పుకి తగ్గట్టు నడవడం ముఖ్యమన్నారు. ఇంటర్వ్యూలో "ఎజైల్ అంటే త్వరగా పని చెయ్యడం సార్" అనకండి.

గుండెకి డప్పు కట్టుకుని, కాళ్ల గజ్జెలు మోగిస్తూ గెంతే తప్పెటగుళ్లు కళాకారులు కూడా ఎజైలే, పైగా లైద్, అంటే విల్లులా వంగే ఒళ్లు. సపుల్ కూడా దగ్గరదే కానీ దాన్ని తోలుకీ, చర్మానికీ కూడా వాడతారు. వీరఘట్టంలో పుట్టి, ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారికి ఇవేవీ అతకవు, ఆయన మైటీ.

బ్రిస్క్ డాక్టర్ల మాట, బ్రిస్క్ వాక్ అంటే కబుర్లాడుకుంటూ కాకుండా కాస్త ఊపుగా నడవడం. స్ప్రైకి వయసు చూసుకోవాలి. రామతీర్థం కొండ మెట్లు మనకన్నా ముందు ఎక్కేసి పైన కూర్చుని నవ్వే ముసలమ్మ స్ప్రై. పాతికేళ్ల కుర్రాడికి వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

బుర్ర దగ్గర ఇంకో ప్రశ్న కలపండి: ఇది మెచ్చుకోలా, దెప్పిపొడుపా? చాకులాంటి కుర్రాడు షార్ప్. ఎవరైనా ఎకసెక్కం ఆడితే అప్పటికప్పుడు నవ్వుతూ తిప్పికొట్టేవాడు క్విక్‌విటెడ్. ధాన్యం రేటు ఎప్పుడు పెరుగుతుందో పసిగట్టి అప్పటిదాకా బస్తా కదపని రైతు ష్రూడ్, ఇది మెచ్చుకోలే గానీ కొంచెం గడుసుదనం కలిసింది. అదే తెలివితో పక్కవాడిని ముంచితే కన్నింగ్. నోరు ఒక్కటే చురుగ్గా ఆడి, మాటలో నిజాయతీ లేకపోతే గ్లిబ్. ఎన్నికలప్పుడు ఈ మాటకి ఉదాహరణలు మీ వీధికే వస్తాయి.

వ్యతిరేక పదాలకీ ఇదే పద్ధతి. డెఫ్ట్‌లో నేర్పుంది కాబట్టి దానికి ఎదురు క్లమ్సీ, చేతిలో గ్లాసు జారవిడిచే రకం. బ్రిస్క్‌లో ఊపుంది కాబట్టి దానికి ఎదురు స్లగ్గిష్. కొత్త మాట వచ్చినప్పుడల్లా మీకు తెలిసినవాళ్ల పేరు పెట్టి ఒక వాక్యం రాసుకోండి, పక్కనే ఎజిలిటీ, డెక్స్‌టెరిటీ లాంటి నామవాచకం కూడా రాయండి, పరీక్షలో ఖాళీలు పూరించడానికి పనికొస్తుంది.

పలకడంలో డెఫ్ట్‌తో జాగ్రత్త. చివరి "ట్" మింగేస్తే డెఫ్ అవుతుంది, అంటే చెవుడు. "డె"ని "డా" చేస్తే డాఫ్ట్, అంటే తిక్క మనిషి. విచిత్రం ఏంటంటే డెఫ్ట్, డాఫ్ట్ రెండూ పాత ఇంగ్లిష్‌లో ఒకే మాట. ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పుకునేటప్పుడు నాలుక మీద నమ్మకం లేకపోతే స్కిల్‌ఫుల్ అనెయ్యండి, మార్కులేం తగ్గవు.