రైతు భరోసా పడకముందే ఎరువుల చిట్టా రాసుకోండి

మాది కరీంనగర్ జిల్లా, మూడెకరాల వరి. ఇంట్లో పొలం లెక్కలు రాసేది నేనే. చిట్టా మొదలుపెట్టేముందు సర్కారు సాయం ఏ దారిన వస్తోందో విడదీసి చూస్తాను. సీజనుకు ఎకరాకు 6,000 రూపాయల రైతు భరోసా, అంటే తెలంగాణ సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం, ఖాతాలో కనబడుతుంది. యూరియా రాయితీ బస్తా ధరలోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. కొనేటప్పుడు మన చేతిని లాగేది అదే.

45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. 50 కిలోల డీఏపీ 1,350. పొటాష్ అంతకంటే ప్రియం. 2010 నుంచి ఈ రెండింటికీ పోషకాన్ని బట్టి రాయితీ ఇస్తున్నారు, యూరియాకు మాత్రం అమ్మే ధరనే సర్కారు కట్టడి చేస్తుంది. అందుకే చాలామంది పొటాష్ మానేసి యూరియా మరో బస్తా వేస్తారు. పైరు నల్లగా ఏపుగా కనిపిస్తుంది, వెనకే సుడిదోమ, అగ్గితెగులు వస్తాయి. ఎరువులో ఆదా అయిందనుకున్న డబ్బు పురుగుమందులకు పోతుంది. ఇది చూస్తే నాకు కడుపు మండుతుంది.

మీ భూసార పరీక్ష కార్డులో ఎకరాకు నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలు అని రాసి ఉందనుకోండి. ఒక డీఏపీ బస్తాతో భాస్వరం 23 కిలోలు, నత్రజని 9 కిలోలు అందుతాయి. మిగిలిన 39 కిలోల నత్రజనికి రెండు బస్తాల యూరియా సరిపోతుంది, బస్తాకు 20.7 కిలోల లెక్కన. కార్డులోని 16 కిలోల పొటాష్ పోషకం అందడానికి, దుకాణంలో పొటాష్ పేరుతో అమ్మే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు 27 కిలోలు చాలు. డీఏపీ, యూరియా కలిపి 1,883 రూపాయలు. పొటాష్ కలిపినా మూడు వేల లోపే. ఎకరాకు వచ్చే 6,000లో మిగతాది నాటు కూలీలకు తీసి పెట్టండి.

డబ్బు ఆలస్యమైతే దుక్కిలో వేసే డీఏపీ, సగం పొటాష్ వరకే అప్పు చేయండి. మిగతా పొటాష్ చిరుపొట్ట దశకు (పైరు పొట్టలో కంకి మొదలయ్యేటప్పుడు), యూరియా దఫాలుగా. గుళికలో, జింకో కొంటేనే యూరియా ఇస్తామని దుకాణంలో అంటగడితే ఒప్పుకోకండి, మండల వ్యవసాయ అధికారికి ఫిర్యాదు చేయండి.

కౌలు రైతులు ఈ చిట్టాలో రైతు భరోసా గడిని ఖాళీగానే ఉంచాలి. ఆ సొమ్ము పట్టా ఉన్నవారి ఖాతాకే వెళుతుంది. కాబట్టి కౌలు మాట్లాడుకునే రోజే ఆ 6,000 మాట ఎత్తి, కౌలులో ఎంత తగ్గిస్తారో కాగితం మీద రాయించుకోండి.