వాగులు దాటే జిప్సీకి ముందు చేయాల్సిన చవక పనులు

మారుతి జిప్సీ (జీపు లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి) చేతికి రాగానే అందరి చూపూ పెద్ద టైర్లు, ఇనుప బంపరు మీదికే పోతుంది. మారేడుమిల్లి లాంటి చోట్ల వాగుల్లో దిగే బండికి అంతకంటే ముందు యాక్సిల్ బ్రీదర్‌ను, అంటే ఇరుసు లోపలి గాలి ఆడే చిన్న మూతిని, హోస్‌తో పైకి ఎత్తించాలి. ఖర్చు తక్కువ, ఒక్క పూట పని.

రోడ్డు మీద నడిచి వచ్చిన బండిలో డిఫరెన్షియల్ హౌసింగ్ (ఇరుసు మధ్య గేర్లుండే పెట్టె), దాని లోపలి గాలి వేడిగా ఉంటాయి. చల్లటి నీళ్లు తగలగానే ఆ గాలి ముడుచుకుని బయటి నుంచి గాలిని లాగుతుంది. బ్రీదర్ అప్పటికే మునిగి ఉంటే దాని గుండానే నీళ్లు పోతాయి. మట్టితో పూడిపోయి ఉంటే ఆయిల్ సీలు అంచుల నుంచి పోతాయి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు మారిందంటే బేరింగులకు, క్రౌన్ పినియన్ గేర్లకు ముప్పు మొదలైనట్టే.

కావాల్సినవి: రెండు యాక్సిళ్లకూ కలిపి సుమారు 6 మీటర్ల పెట్రోల్ హోస్, రెండు ఇత్తడి నిపిల్స్ (బ్రీదర్ చోట బిగించి హోస్ తగిలించే మర ముక్కలు), నాలుగు క్లిప్పులు, రెండు చిన్న పెట్రోల్ ఫిల్టర్లు, కేబుల్ టైలు. నిపిల్ మర అంచనాతో కొనకండి. పాత బ్రీదర్ విప్పి, షాపులో దాన్ని చూపించి సరిపోయేది తీసుకోండి. హోస్ లోపలి కొలత నిపిల్‌కు సరిపోవాలి.

విప్పే ముందు చుట్టూ డీజిల్, బ్రష్షుతో శుభ్రంగా కడగాలి. లేకపోతే ఇసుక నేరుగా గేర్ల మీద పడుతుంది. విప్పగానే రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో మూసేయండి. కొత్త నిపిల్‌కు టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మొదటి మర వదిలేయాలి, తునక లోపలికి పోకుండా. ఇత్తడి మెత్తన, బలంగా బిగిస్తే విరుగుతుంది.

హోస్‌ను ఛాసిస్ వెంట తెచ్చి ఇంజన్ గదిలో వెనక గోడ పైభాగాన కట్టండి. ఫిల్టర్ మూతి కిందికి చూడాలి. సైలెన్సర్ పైపుకు దూరంగా ఉంచండి. మధ్యలో ఎక్కడా కిందికి వేలాడి వంపు తిరగకూడదు, ఆ వంపులో ఆయిల్ చేరి గాలిని ఆపేస్తుంది. ఎక్కువమంది తప్పు చేసేది పొడవు దగ్గర. బండి నేల మీద ఉండగా కొలిచి కోస్తే, రాళ్ల మీద చక్రం కిందికి దిగినప్పుడు హోస్ ఊడొస్తుంది. ఛాసిస్‌కు జాకీ పెట్టి లేపి, స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు వేలాడుతుండగా కొలవండి. ఫిల్టర్ తగిలించే ముందు నోటితో ఊదితే గాలి తేలిగ్గా పోవాలి.

అదనపు లైట్లు వేస్తే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) తప్పనిసరి. 55 వాట్లవి రెండంటే 12 వోల్టుల మీద 9 ఆంపియర్లు దాటుతుంది. అంత కరెంటు డ్యాష్ స్విచ్ గుండా పోతే స్విచ్ కాలుతుంది. రిలే పిన్నుల్లో 30 నంబరుది బ్యాటరీకి, 87 లైట్లకు, 86 స్విచ్‌కు, 85 బాడీ ఎర్త్‌కు. వైరు 2.5 చదరపు ఎంఎం, 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే. ఫ్యూజు లైట్ల దగ్గర పెడితే దారిలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు అది కాపాడదు.

ప్రెషర్ గేజి, 12 వోల్టుల కంప్రెసర్ కొనండి. ఇసుకలో 16–18 పీఎస్ఐకి దించితే మామూలు టైరే బాగా పట్టుకుంటుంది. అంతకంటే బాగా తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి జారొచ్చు. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపాలి.

లాగే తాడును టో బాల్‌కు (ట్రైలర్ తగిలించే ఇనుప గుండుకు) ఎప్పుడూ తగిలించొద్దు. ఆ బాల్ విరిగితే తూటాలా వస్తుంది. ఛాసిస్‌కు 8.8 గ్రేడు (గట్టి రకం) బోల్టులతో బిగించిన హుక్కే వాడాలి.