పిక్సెల్ ఫాంట్ మసకగా వస్తోందా? సైజు చూడండి

పాత వీడియో గేముల్లోలా గళ్లుగళ్లుగా ఉండే ఇంగ్లిష్ అక్షరాలు పోస్టర్‌లో పెడితే అంచులు అలికినట్టు వస్తుంటాయి. ఫాంటే పాడైందనుకుని నేను రెండుసార్లు మళ్లీ డౌన్‌లోడ్ చేశాను. తప్పు సైజుది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే ప్రెస్ స్టార్ట్ 2పీ అక్షరాలు 8×8 గళ్లలో గీసినవి (1980ల నామ్కో ఆర్కేడ్ గేముల అక్షరాలే దీనికి మూలం). అందుకని సైజు 8, 16, 24, 32 ఇలా ఎనిమిదో ఎక్కంలోనే పెట్టండి, అదీ పిక్సెళ్లలో. ఫొటోషాప్‌లో అయితే అంచులను నునుపు చేసే యాంటీ ఏలియాస్‌ను ‘నన్’ చేయండి. శీర్షికకు, స్కోరుకు, బటన్‌కు బాగుంటుంది. పేరా మొత్తం పెడితే మాత్రం కళ్లు లాగేస్తాయి. ఇందులో తెలుగు అక్షరాలు లేవు. తెలుగులో టైప్ చేస్తే వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, అక్కడ ఈ లెక్క పనిచేయదు.